దెబ్బ తిన్న దుప్పి జాడ

నా చిన్నప్పుడు చలికాలంలో మా తాతయ్య వెంట అడవికి వెళ్ళేవాణ్ణి. ఆయన పాత వేటగాడు. గడ్డి మీది మంచు రాలి నల్లటి చార పడి ఉంటే, అటు ఏదో జంతువు పోయినట్టు. గిట్టల గుర్తుకు అంచులు పదునుగా ఉంటే ఇప్పుడే పోయినట్టు. బయటి దేశాల్లో మోకాలి లోతు మంచులో ఎల్క్ అనే పెద్ద దుప్పిని కూడా ఇలాగే వెతుకుతారని తర్వాత మా శాఖా గ్రంథాలయంలో చదివాను. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకే. మిగతా చదువంతా ఆ గ్రంథాలయం బెంచీ మీదే. మా తాతయ్య మాత్రం ఏ పుస్తకమూ చూడకుండానే, "దుప్పిని ఎతకకురా బిడ్డా, చెవిని ఎతుకు" అనేవాడు.

ఒక పొద్దున ఆయన తుపాకీ దెబ్బ తిన్న దుప్పి జాడ పట్టి పోతున్నాం. పొదల మధ్య ఒక చెవి కదిలింది. ముందు నేనే చూశాను. సంతోషం ఆపుకోలేక "తాతా, అగో!" అని అరిచాను. పడుకున్న జంతువు లేచి, కుంటుకుంటూ వాగు దాటిపోయింది. మరునాటికి గానీ దొరకలేదు. ఎంత అవస్థ పడి చచ్చిందో అక్కడి నేలే చెబుతోంది. తాతయ్య నన్ను కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "దెబ్బ తిన్నదాన్ని తరిమితే ఉరికి ఉరికి సస్తది. కూసోవాలె, అంతే" అన్నాడు.

కరోనా వచ్చిన ఏటి చలికాలం. గల్ఫ్‌లో నేను పనిచేసే చోట, అల్ వర్సాన్ కూలీల క్యాంపులో నా పై మంచంలో పడుకునే కుర్రాడికి, తల్లి పోయిందని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఇంటికి పోయే వీలు లేదు. దహనం వీడియోలో చూశాడు. ఏడవలేదు. ప్లేటు కడిగి బోర్లించి డ్యూటీకి వచ్చాడు. మాకూ ఏమీ అనిపించలేదు. ఆ ఏడు అలాంటి ఫోన్లు అన్ని గదులకూ వచ్చాయి. నాలుగో పొద్దున బస్సు దగ్గర వాడు లేడు. ఫోను మంచం మీదే ఉంది.

క్యాంపు వెనక ఇసుక, దాని అవతల లారీలు ఆగకుండా పోయే పెద్ద రోడ్డు. మా సూపర్‌వైజరు జగిత్యాల వైపు పిల్లవాడే. పికప్ తీశాడు.

"యల్లా కాకా, ఎక్కు! హారన్ కొడితే ఆడే ఉరికొస్తడు."

"ఉరుకుతడు, గని మన దిక్కు కాదు. నువ్వీడనే ఆగు బిడ్డా."

"ఏం కాకా, ఆడేమన్న నువ్వు చెప్పే మీ తాత దుప్పా?"

నేను ఇసుక వైపు నడిచాను. రాత్రి మంచుకు ఇసుక మీద పెళుసు పొర కట్టింది. చెప్పుల జాడ దాన్ని పగలగొట్టి లోపలి పొడి ఇసుకను పైకి తెచ్చింది. అంచులు ఇంకా రాలలేదు. మనిషి కోసం కాక, నీలం యూనిఫాం ముక్క కోసం చూశాను. రోడ్డు కంచె పక్కన, ఒక తుప్ప వెనక మోచేయి కనబడింది.

పిలవలేదు. వాడికి కనబడేంత దూరంలో ఇసుకలో కూర్చున్నాను. వాడు నన్ను చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. పొగమంచు విడిపోయి వీపుకు ఎండ తగిలేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. మోకాళ్ళ నొప్పి తప్ప నాలో ఏదీ కదల్లేదు, జాలి కూడా. చివరికి వాడే లేచి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"బస్సు పోయిందా కాకా?"

"పోయింది."

"వీడియోల అమ్మ కాళ్ళు కనపడలే కాకా."

ఇప్పటికీ గదిలో ఎవరైనా అన్నం ముట్టక గోడకేసి తిరిగి పడుకుంటే, ఏమైందని అడగను. వెళ్ళి, వాళ్ళకు కనబడేలా కింద కూర్చుంటాను.