పాత కెప్టెనా, కొత్త కెప్టెనా?

ఇవాళ తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుంటే, బాపట్లలో మా పాత వీధి సుగుణక్క కనిపించింది. ఇన్నేళ్లకి కలిసి మేం పోట్లాడుకున్నది దేని గురించనుకున్నారు? టీవీలో ఏళ్ల తరబడి వస్తున్న ఆ అంతరిక్ష నౌక సీరియల్ గురించి! అప్పట్లో వీధి మొత్తానికి మేరీ టీచరుగారింట్లోనే టీవీ ఉండేది. ఇంగ్లీషు మాకెవరికీ రాదు. ఆవిడ తెలుగులో చెబుతుంటే అందరం చాప మీద కూర్చుని చూసేవాళ్లం.

కొత్త కెప్టెన్ వచ్చాకే సీరియల్ బాగుపడిందన్నాను. అక్కకి కోపం వచ్చింది.

"ఊరుకోవే! పాతాయన ఎంత చక్కగా మాట్లాడేవాడు! నౌక ఊగిపోతున్నా 'భయపడకుడి' అనేవాడు కదే."

"అది కెప్టెన్ మాట కాదక్కా, బైబిల్లో మాట. మన టీచరుగారు అనేది."

"మరి ఆయనేమనేవాడే?" అంది అక్క. నాకూ తెలియదు.

టీచరుగారు పోయి చాలాకాలమైంది. సాయంత్రం రేపల్లెలో నా అద్దె గదిలో ఒక్కదాన్నే ఆ సీరియల్ చూశాను. ఇప్పుడు ఇంగ్లీషు వచ్చు కాబట్టి ప్రతి మాటా అర్థమవుతుంది. నౌక ఊగగానే "భయపడకుడి" అని పైకే అన్నాను. వినడానికి గదిలో ఎవరూ లేరు.

మీ వీధిలో ఈ కథ ఎవరు చెప్పేవాళ్లో రాయండి. పాత కెప్టెన్ నిజంగా ఏమనేవాడో మాత్రం నాకు చెప్పకండి.