అత్త రాయింది

మనిషి బుర్రలో ఆలోచన ఎలా పుడుతుందో తేల్చే మహాసంగ్రామం మెదక్‌లో జరిగింది. రథాలూ ఏనుగులూ మీరే ఊహించుకోండి. అక్కడ నిజంగా ఉన్నవి రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్, కాసిన్ని పల్లీలు. యుద్ధభూమి మా వరండా.

ఒక పక్షం నేను. రెండో పక్షం నా క్లాస్‌మేట్; చర్చి వెనక సందులో ఇల్లు, పాత స్కూటీ. ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు: కంప్యూటరుకు పిల్లల్లా మాటలు నేర్పడం. బుర్ర నియమాలతో నడుస్తుందని నా వాదన. నియమాలు ఎక్కడా ఉండవని, వినగా వినగా లోపల లంకెలు బిగుసుకుంటాయని, అదే ఆలోచనని తన వాదన.

మాకు దొరికిన సాక్షి మా అక్క కూతురు, అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న పిల్ల. స్కూటీ చప్పుడు వినగానే గేటు దగ్గరికి ఉరికేది. “అత్త రాయింది!”

“రాయి ఏడున్నదే?” అని మా అక్క నవ్వేది. ‘అత్త’ అనడం మాత్రం పిల్ల సొంత తెలివి కాదు, అక్క నేర్పింది. క్లాస్‌మేట్ వద్దనలేదు. దాని మీద నా పరిశోధన ఇంకా సాగుతోంది.

“చూసినవా? ‘పో’కు పోయింది, ‘రా’కు రాయింది. ఎవ్వలు నేర్పలే. రూల్ పట్టేసింది,” అన్నాను.

“రూల్ లేదు, గీల్ లేదు. దినమంతా పోయింది, పోయింది అని ఇంటది. గదే నోటికి అంటింది.”

“మరి వచ్చింది అని ఇంటలేదా?”

“ఇంకా జర ఇంటే గదే సర్దుకుంటది. నీ లెక్క మొండిది కాదు.”

పిల్ల వినే మాటలే రెండు ల్యాప్‌టాప్‌లకూ ఇచ్చాం. నియమాలతో రాసిన నా ప్రోగ్రాం ‘రాయింది’ అంది. లంకెలతో అల్లిన తన నెట్‌వర్క్ కూడా ‘రాయింది’ అనే అంది. ఇద్దరమూ గెలిచాం, అంటే ఎవరూ గెలవలేదు. తగువు మిగిలింది కాబట్టి సాయంత్రాలు స్కూటీ వస్తూనే ఉండేది. సొంత సిద్ధాంతం రుజువు కాకూడదని కోరుకున్న పరిశోధకుణ్ని బహుశా నేనొక్కణ్నే.

తనకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. బస్టాండులో నేను చెప్పాలనుకున్నది వేరు. నోట్లోంచి వచ్చింది మాత్రం, “చార్జర్ పెట్టుకున్నవా?”

“పెట్టుకున్న. ఇంకేమన్న ఉన్నదా?”

“ఎక్స్‌టెన్షన్ బాక్స్ నాదే.”

బస్సు కదిలింది.

ఇప్పుడు పిల్ల ‘వచ్చింది’ అని శుభ్రంగా అంటోంది. లంకెలు సర్దుకున్నాయో, నియమానికి మినహాయింపు దొరికిందో తెలియదు. పోయిన తప్పును వెనక్కి తెచ్చే పద్ధతి ఏ సిద్ధాంతంలోనూ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని నేనే ‘రాయింది’ నేర్పబోయాను.

“గట్ల అనద్దు మామా, తప్పు,” అంది.

నిన్న సాయంత్రం స్కూటీ చప్పుడైంది. నాకంటే ముందు పిల్ల ఉరికింది. గేటు సందులోంచి చూసి, మెల్లగా వెనక్కి వచ్చింది.

“అత్త రాలే, మామా.”

‘రా’కు ‘రాలే’. ఇక్కడ నియమాలూ లంకెలూ చెప్పేది ఒకటే. ఈ మాటను పిల్ల ఎన్నడూ తప్పు పలకలేదు.

వచ్చింది నీళ్ల క్యాన్లాయన. ఖాళీ క్యాన్ బయట పెట్టలేదని, నిండుది ఇవ్వకుండానే పోయాడు.