మా అమ్మ ఈల వేసిన వానాకాలాలు

పెనుబల్లి దాటి అడవి వైపు పోతే, చేన్లు అయిపోయి వెదురుపొదలు మొదలయ్యే చోట మా ఇల్లు ఉండేది. పెరటికి తడిక, తడిక అవతల పొదలు, పొదలు దాటితే వాగు. వాగు అవతలంతా అడవే. కాలం మారిందని మాకు పిట్టలే చెప్పేవి. చలికాలం జొన్న పాలు పోసుకునే రోజుల్లో పలిస పిట్టలు మబ్బులాగా చేను మీద దిగేవి. నాన్న మంచె ఎక్కి వడిసెలతో రాళ్ళు విసిరేవాడు. ఇప్పపూలు రాలే ఎండల్లో కత్తిపిట్ట గొంతు పెంచుకుంటూ పెంచుకుంటూ అరిచి, ఉన్నట్టుండి తెగిపోయినట్టు ఆగేది. తొలకరికి పొదల్లోంచి ఒక ఈల వినబడేది. నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

నాన్న కూడా బర్రెల్ని ఈలతోనే పిలిచేవాడు. వేళ్ళు నోట్లో పెట్టుకోకుండా, ఉత్త పెదాలతో. ఒకటి పైకి, వెంటనే ఇంకొకటి కిందికి. అది వినగానే బర్రెలు తలెత్తి ఇంటి దారి పట్టేవి. పొద్దుగూకే వేళ నాన్న ఈల, పొదల్లోని ఈల ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఏది ఎవరిదో వేరు చేసి వినాల్సిన అవసరం మాకెప్పుడూ రాలేదు.

డెబ్బైల్లో, నేను ఆరో తరగతిలోకి వచ్చిన ఏడు, తొలివానలప్పుడు ఇంకా ఈనని బర్రెపడ్డ ఒకటి మందతో తిరిగి రాలేదు. నాన్న దాన్ని వెతుక్కుంటూ వాగు దాటి పోయాడు. మా దగ్గర చినుకు లేదు. పైన అడవిలో పడింది. సాయంత్రానికి వాగు ఎర్రగా, ఒడ్లు కోసుకుంటూ వచ్చింది. మర్నాడు పడ్డ తనంతట తనే ఇంటికి వచ్చి కొట్టంలో నిలబడింది. నాన్న రాలేదు. మా వాళ్ళూ, కోయగూడెం మగవాళ్ళూ వాగు పొడుగునా వెతికారు. ఆయన తువ్వాల ఒక తుమ్మకొమ్మకు చిక్కి దొరికింది. మనిషి దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంటి నిండా జనం ఉండగా పొదల్లోంచి ఈల వినబడింది. ఒకటి పైకి, ఒకటి కిందికి. ఏడుస్తున్న వాళ్ళు ఏడుపు ఆపేశారు. కొట్టంలో బర్రెలు తలలెత్తాయి. మగవాళ్ళు కేకలేసుకుంటూ పొదల్లోకి పరిగెత్తారు. ఈల కాసేపు వాళ్ళకు ముందుండేది, కాసేపటికి వెనకనుంచి వచ్చేది. చీకటి పడ్డాక తడిసి తిరిగొచ్చి, అమ్మ ముఖం చూడకుండా తలా ఒక దిక్కున కూర్చున్నారు.

తెల్లవారుతుండగానే అమ్మ తడిక తీసి పొదల్లోకి పోయింది. నేను వెనకే పోయాను. వెదురు మొదళ్ళ దగ్గర కూర్చుని, మాట్లాడొద్దని చెయ్యి చూపించింది. గోరింకంత పిట్ట. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లటి పట్టీ, పొట్ట కింద కుంకుమ అంటినట్టు ఎరుపు. తోక ఉందా అంటే ఉంది, అంతే. తడి ఆకులు తిరగేసుకుంటూ గెంతుతోంది. మెడ వెనక్కి విరిచి ఈల వేసింది. పొన్నంకి పిట్ట.

"పిట్టనే అమ్మా," అన్నాను.

"అవ్," అంది. "పిట్టనే."

దాంతో సంగతి తేలిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం ఈల వినబడగానే అమ్మ చేస్తున్న పని వదిలేసి పెరట్లోకి పోయి, పెదాలు ముడిచి ఊదింది. ఉత్త గాలి వచ్చింది. చిన్నప్పుడు నేను ఈల వేస్తే మూతి మీద కొట్టిన మనిషి. వానలు ముదిరేసరికి నేర్చేసుకుంది. పొదల్లోంచి ఒకటి, పెరట్లోంచి ఒకటి. ఎటు పోవాలో తెలియక బర్రెలు దారి మధ్యలో నిలబడిపోయేవి.

పొద్దుగూకితే మా ఇంటి ముందు నుంచి నడవడం జనం మానేశారు. ఒకనాడు మా మేనత్త, నాన్నకు అక్క, ఉండబట్టలేక వచ్చింది.

"ఏంది పిల్లా ఇది? కర్మ చేయనియ్యవు, బొట్టు తియ్యవు. పైగా ఈలలు. మా తమ్ముణ్ణి పోనియ్యకుండ పట్టుకున్నవని ఊళ్ళె అనుకుంటున్నరు."

"పిట్ట అని నాకు తెలుసు వదినె."

"తెలిస్తే మరెందుకే?"

"ఏదో ఒకనాడు అది ఆయన ఈలే అయితే? పిట్టే గదా అని నేను ఊకుంటే?"

మేనత్త కొంగు నిండా కప్పుకుని, పొద్దు ఉండగానే వెళ్ళిపోయింది.

ఏటా దసరా దాటేసరికి పొదలు మూగబోయేవి. అమ్మ మళ్ళీ మామూలు మనిషి అయ్యేది. మిరపతోటలో కూలివాళ్ళతో గొడవ పడేది, నా తల దువ్వుతూ పాటలు పాడేది. పలిస పిట్టలు జొన్న తినేసినా నాకు సంతోషంగానే ఉండేది, అవి ఉన్నన్నాళ్ళూ ఈల ఉండదు కాబట్టి. ఎండల్లో కత్తిపిట్ట అరవడం మొదలెడితే మాత్రం రెండు చెవులూ మూసుకోబుద్ధయ్యేది. దాని వెనకే వాన వస్తుంది. వానతో పాటు ఆ ఈల.

నేను సత్తుపల్లిలో ఇంటర్ చదివే ఏడు వానలు ఆలస్యమయ్యాయి. సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. అమ్మ రోజూ పెరట్లో నిలబడి తనే ముందు ఈల వేసేది. పొదలు పలకలేదు. చివరికి ఒక మధ్యాహ్నం పెద్దవాన పడింది. సాయంత్రం తెరిపివ్వగానే ఈల వినబడింది, వాగు అవతల నుంచి.

నేను కొట్టంలోంచి వచ్చేసరికి తడిక తెరిచి ఉంది. పరిగెత్తాను. అమ్మ మోకాళ్ళు దాటిన నీళ్ళలో ఉంది. చీర కుచ్చిళ్ళను వరద పక్కకు లాగుతోంది.

"అమ్మా! ఆగు! అది పిట్ట!"

అమ్మ ఆగింది. అవతలి ఒడ్డు నుంచి మళ్ళీ పలికింది. ఒకటి పైకి, ఒకటి కిందికి. నేను నీళ్ళలో దిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నావైపు చూడకుండానే అంది:

"పిలిస్తే ఆయన ఇంటికొస్తడని గదా బిడ్డా నేను ఈల ఏసింది. ఇప్పుడు నేనే పోతున్న."

నేను లాగాల్సిన పని లేకపోయింది. తనే వెనక్కి తిరిగి ఒడ్డెక్కి, చీర పిండుకుని, నాకంటే ముందు నడిచింది.

ఆ వారంలోనే మేనత్తకు కబురు చేసింది. వాగు ఒడ్డున దర్భలతో మనిషిని చేసి దహనం చేశారు. మెట్టెలు అమ్మే తీసి పక్కన పెట్టింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మేనత్త. తర్వాత మా దారిన జనం మళ్ళీ నడవసాగారు.

మరుసటి తొలకరికి నేను ఇంటికి వెళ్ళాను. పిట్ట మా పొదల్లోకే వచ్చింది. దీపాల వేళ అమ్మ అరుగు మీద పెసర విత్తనాల్లో పుచ్చులు ఏరుతోంది. ఈల వినబడింది. తల ఎత్తలేదు.

"నేల పదునైంది. రేపు విత్తనం పెట్టాలె," అంది.

పొయ్యిలోకి కట్టెలు తెస్తానని నేను పెరట్లోకి పోయాను. పిట్ట ఈల వేస్తూనే ఉంది. ఆగి, వినడానికన్నట్టు కాసేపు ఊరుకుని, మళ్ళీ వేసింది. సన్నగా తుంపర మొదలైంది. కట్టెలు తడుస్తున్నాయని అమ్మ లోపల్నుంచి కేక వేసేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.