నందిగామ దాకా ఒళ్లో మోసిన గాజుపలక

మా అక్క కూతురు ప్రసన్న నందిగామ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. శబ్దం కంటే వేగంగా పరిగెత్తే ఇంజన్లలో ఇంధనం గాలితో ఎలా కలుస్తుందో చూడటం దాని పని. మొన్న బుధవారం ఫోన్ చేసి, హైదరాబాద్‌లో తయారైన ఒక క్వార్ట్జ్ గాజుపలక తెచ్చిపెట్టమంది. అంతకుముందు తెప్పించుకున్నది కొరియర్‌లో ముక్కలై వచ్చిందట. పరీక్షకు కావలసిన లేజర్ వేరే ఊరి ల్యాబ్ వాళ్లది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి వాళ్ల బండి వచ్చి పట్టుకుపోతుంది, మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. ఫ్యాక్టరీలో కడిగి కవర్లో పెట్టారు, కవర్ మాత్రం విప్పొద్దని రెండుసార్లు చెప్పింది. బ్యాంకులో ఇరవై ఏళ్లుగా లాకర్ తాళాలు చూసుకుంటున్నదాన్ని, ఒక గాజుముక్క మోయలేనా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున ఆరింటికి ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కాను. జగ్గయ్యపేటకు టికెట్ నాలుగు వందల లోపే. గాజున్న పెట్టె ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంటే, పెళ్లి స్వీట్లా అని పక్కావిడ అడిగింది. పదిన్నరకు జగ్గయ్యపేటలో దిగి, ప్రసన్న తెమ్మన్న, గాజును బిగించే ఇనుప చట్రం కోసం బస్టాండు దగ్గర్లో ఉన్న లేత్ షాపుకు వెళ్లాను. సిమెంటు ఫ్యాక్టరీల పైపులు, షాఫ్టులు బాగుచేసే షాపది. ఇంత సన్నటి పని తనకెప్పుడూ రాలేదని, ప్రసన్న ఆ చట్రాన్ని నాలుగుసార్లు వెనక్కి పంపిందని మేస్త్రీ చెప్పాడు. ఆ మాటలో విసుగు లేదు, మురిపెమే ఉంది. నాకు భలే గర్వంగా అనిపించింది.

చట్రం బరువు చూసి బస్సు మానేసి, నందిగామకు ఏడు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ కోటయ్యది పెనుగంచిప్రోలు, యాభై దాటిన మనిషి. సున్నపురాయి లారీలు తిరిగి తిరిగి రోడ్డు పాడైపోయింది. హైవే ఎక్కకముందే ఒక గుంతలో ఆటో ఎగిరిపడింది. గాజు పగిలిందేమోనని భయమేసింది. పక్కకు ఆపించి పెట్టె తెరిచాను. పైనుంచి చూస్తే సరిపోక కవర్ కూడా విప్పాను. గాజు నిక్షేపంగా ఉంది. కోటయ్య నాకంటే ఎక్కువ సంతోషించి, అద్దం దగ్గరి దేవుడి పటం వెనక నుంచి చిన్న పొట్లం తీశాడు.

"కొత్త వస్తువు కదండి, బొట్టు పెట్టకుండా ఎట్లాగండి? మా అమ్మవారి పసుపండి."

మా ఇంట్లో మిక్సీ కొన్నా స్కూటర్ కొన్నా ముందు పసుపే. పిల్ల పరీక్ష గట్టెక్కాలని మొక్కుకుని, గాజు మూలన నిండుగా ఒక బొట్టు పెట్టాను. తీరా కాలేజీ గేటు కనబడేసరికి ప్రసన్న ఏమంటుందోనని భయం పట్టుకుంది. చేతిరుమాలుతో గబగబా తుడిచేసి కవర్ మళ్లీ అంటించాను.

ఒంటిగంటకు చేరాం. కాలేజీ మెస్‌లో వంట చేసే పద్మగారు నాకు పప్పు, గోంగూర వడ్డిస్తూ, అమ్మాయి పొద్దుట్నుంచి టీ తప్ప ఏమీ ముట్టలేదని బాధపడ్డారు. ప్రసన్న అప్పటికే పెట్టె అందుకుంది. "కవర్ తియ్యలేదుగా పిన్నీ?" అంది. లేదన్నాను. అంత తేలిగ్గా అబద్ధం ఎలా ఆడానో నాకే తెలియదు.

పరీక్ష జరిగేది రేకుల షెడ్డులో. ఇక్కడ ఇంజన్ ఎగరదు. దాన్ని నేలకు బిగించి, గాలినే దాని మీదికి వదులుతారు. ముందురోజంతా కంప్రెసర్ గాలి నింపిన ట్యాంకు వాల్వు తెరిస్తే ఎనిమిది సెకన్లలో ఖాళీ అవుతుంది. ఇంధనానికి బదులు అసిటోన్ ఆవిరి కలుపుతారు, మనం గోళ్లరంగు తుడుచుకునేదే. లేజర్ తగిలితే ఆ ఆవిరి మెరుస్తుంది, నేను తెచ్చిన గాజే కిటికీ, అందులోంచి కెమెరా ఫోటోలు తీస్తుంది. గాలి వదలకముందు మెరవడానికి ఆవిరి ఉండదు కాబట్టి, అప్పుడు తీసే ఫోటో మాత్రం నల్లగా రావాలట.

మూడింటికి ప్రసన్న నాకూ రంగు కళ్లద్దాలు ఇచ్చి, లేజర్ వేసి ఆ ఫోటో తీసింది. కంప్యూటర్ తెర నిండా చారలు చారలుగా వెలుగు. మళ్లీ తీసింది, మళ్లీ అదే. నాసిరకం గాజు ఇలాగే మెరుస్తుందని, ఫ్యాక్టరీ వాళ్లు తప్పు సరుకు ఇచ్చారని అంది. పరీక్ష మానుకుంటున్నానని గైడ్‌తో చెప్పడానికి ఫోన్ తీసింది, మోగినా ఆయన ఎత్తలేదు. పది నిమిషాలు స్టూలు మీద అలా కూర్చుండిపోయింది. ఇది నా పసుపు వల్లేమోనని నాకు అనుమానం వచ్చింది. రెండోసారి ఫోన్ తీసినప్పుడు ఇక తట్టుకోలేకపోయాను.

"గాజు మంచిదేనే. నేనే కవర్ విప్పా. పసుపు పెట్టి తుడిచా."

తిడుతుందనుకున్నాను. "ఏ మూలన?" అని మాత్రం అడిగింది. లేజర్ కింద పసుపు దీపంలా వెలుగుతుందట. నేను తుడిచినకొద్దీ అది కంటికి కనబడని పొరై పలకంతా పాకింది. గాజు విప్పి అసిటోన్‌తో రెండు వైపులా కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించి, లేజర్ సరిచూసుకునేసరికి నాలుగున్నర దాటింది. ల్యాబ్ వాళ్ల బండి అప్పటికే బయట ఆగి ఉంది. ఈసారి ఫోటో నల్లగా వచ్చింది. వాల్వు తెరిచింది. చెవులు మూసుకున్నా ఆ హోరు పళ్లలోకి దిగింది. తెర మీద అసిటోన్ ఆవిరి సుడులు తిరుగుతూ గాలిలో కలవడం స్పష్టంగా కనిపించింది. ప్రసన్న నేల మీద చతికిలబడి, "ఆకలేస్తోంది పిన్నీ" అంది. నాకు ఏడుపొచ్చింది.

అన్నం తిన్నాక రికార్డు పుస్తకం తెరిచి పసుపు సంగతి రాస్తుంటే, పరువు పోతుంది రాయొద్దే అని బతిమాలాను. "రాయాలి పిన్నీ. రేపు ఇంకెవరికైనా గాజు ఇలా మెరిస్తే, పారెయ్యకుండా కడిగి చూస్తారు" అంది. మొదటి ఫోటోను కూడా పక్కనే అంటించింది. ఆ మూలన తుడిచినా పోని నా ఉంగరం వేలి ముద్ర గీతలతో సహా ఉంది.

నందిగామ హైవే మీద హైదరాబాద్ బస్సులు గంట లోపే దొరుకుతాయి. తిరుగు ప్రయాణమంతా ఆ పిల్ల మీద ముద్దు, నా మీద సిగ్గు రెండూ నాతోనే వచ్చాయి. దాని బాగు కోరి పసుపు పెట్టినందుకు నాకు బాధ లేదు, దాచినందుకే. మీరు ఇలాంటి చోటికి ఏదైనా మోసుకెళ్తే, దారిలో దానికి ఏం జరిగిందో గుమ్మంలోనే చెప్పేయండి. నేను నోరు విప్పడానికి పది నిమిషాలు తీసుకున్నాను, ఆ పిల్ల చేతిలో అప్పటికి ఉన్నది రెండు గంటలు కూడా కాదు.