పురిటి గది గడప

దేవుణ్ణి నమ్ముతాను. దయ్యాలూ శకునాలూ అంటే మాత్రం చిన్నప్పటినుంచీ నాకు ఒళ్ళుమంట. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో, చీరాల దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. అక్కడ పురిటి గదికి ఎత్తయిన చెక్క గడప ఉండేది. కాన్పు సుఖంగా అయితే చాలు, నేత కుటుంబాల ఆడవాళ్ళు సంబరంగా దానికి పసుపు రాసేవాళ్ళు. ఒక ఉదయం ఆ తడి పసుపు మీద కాలు జారి, నీళ్ళ బేసినుతో సహా పడ్డాను. కుడికాలు విరిగింది.

"చూసుకుని నడవొద్దూ?" అన్నారు డాక్టరమ్మగారు.

నాకు మండిపోయింది. రేపు పసిబిడ్డను ఎత్తుకుని ఎవరైనా పడితే? గడప తీయించమన్నాను. గడప లేని గదిలో పురుడంటే జనం రారని ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ వదల్లేదు. నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా అదే మాట.

నేను పడుకున్నది పక్క వార్డులో. మధ్యలో గోడ. ఆ గుమ్మం నాకు కనపడదు. ఒక మధ్యాహ్నం కట్టులో ఉన్న కాలు ఉన్నట్టుండి అదిరింది. ఆ వెంటనే అవతల ఆయా సుందరమ్మ కేక. గడప తట్టుకుని పడింది, మోచెయ్యి వాచిపోయింది. ఏదో అలా జరిగిందిలే అనుకున్నాను. మళ్ళీ అదిరినప్పుడు ఒక బాలింత అత్తగారు పడింది.

ఆ తర్వాత కాలు అదిరేసరికి ఇక ఆగలేదు. "ఆగండి! అడుగెయ్యొద్దు!" అని గొంతు చించుకున్నాను.

కాసేపటికి డాక్టరమ్మగారు వచ్చారు. చేతుల్లో అప్పుడే పుట్టిన బిడ్డ. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది.

"నీ అరుపు విని ఆగాను. చూస్తే గడపంతా తడి పసుపు. నీకెలా తెలిసిందమ్మా?"

"నా కాలు అదిరిందండీ. ఇప్పుడన్నా తీయిస్తారా?"

సాయంత్రానికల్లా వడ్రంగి వచ్చి గడప కోసేశాడు. జనం రావడం మానలేదు. ఇంచక్కా గోడకి పసుపు రాసి వెళ్ళారు!

అడుగుల చప్పుడు విని ఉంటావని డాక్టరమ్మగారు తర్వాత నచ్చజెప్పబోయారు. ఆ గదిలోకి అందరం చెప్పులు విడిచే వెళ్ళేవాళ్ళం. పోనీ విన్నాననే అనుకుందాం, ఆ అడుగు జారబోతోందని ముందే ఎలా తెలుస్తుంది?

కట్టు విప్పాక అదే గదిలో మళ్ళీ పనిలో చేరాను. కాలు ఇంకెప్పుడూ అలా అదరలేదు. అప్పుడు ఎందుకు అదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బిడ్డ మాత్రం కింద పడలేదు.