పట్టుపురుగుల ఫొటోల్లో పక్కింటి అక్క

నా చిన్నప్పుడు మా మేనత్త గొర్రెలకు బదులు పురుగులను కాసేది. వికారాబాద్ దగ్గర మా ఊళ్లో అందరివీ మందలే. సర్కారు వాళ్లు పట్టుపురుగుల గుడ్లిచ్చి పెంచి చూడమంటే ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. ఊరంతా నవ్వింది. ఆమె పట్టించుకోలేదు. పొగాకు వాసన పురుగులకు పడదని, ఏళ్లనాటి అలవాటును ఒక్క పూటలో మానేసింది.

తల్లి లేని నన్ను పెంచింది కూడా ఆమే. పొద్దున్నే ఇద్దరం మల్బరీ ఆకు కోసుకొచ్చేవాళ్లం. లేత పురుగులకు ఆకును సన్నగా తరిగి వెదురు తట్టల్లో చల్లడం నా పని. కొన్ని పురుగులు ఇంకా ఆకు తింటూ, కొన్ని గూళ్లు కట్టుకుంటున్న రోజుల్లో హైదరాబాదు నుంచి ఫొటోలు తీసే ఆయన వచ్చాడు. పట్టు ఎలా పుడుతుందో జనానికి చూపించాలట.

నేను తల దువ్వుకుని, తట్ట పట్టుకుని నిలబడ్డాను. ఆకు పసరుతో నల్లబడిన నా లంగాను చూసి ఆయన కొంచెం పక్కకు జరగమన్నాడు. తాండూరులో చదువుకుంటూ సెలవులకు వచ్చిన పక్కింటి అక్క అప్పుడే వేడుక చూడ్డానికి వచ్చింది. శుభ్రమైన ఓణీ వేసుకుంది. తట్ట ఆమె చేతికి వెళ్లింది. ఆకు వేస్తున్నట్టు, గూళ్లు ఏరుతున్నట్టు, అన్ని ఫొటోల్లోనూ అక్కే. ఆ తర్వాత ఆమె జడ, ఆమె నవ్వు, ఆమె చెప్పుల చప్పుడు, ఏదీ ఓర్వలేకపోయాను. ఎదురుపడితే ముఖం తిప్పుకునేదాన్ని.

కొన్నాళ్లకు ఆ ఫొటోలను తాండూరు మార్కెట్లో గోడ మీద ప్రదర్శనకు పెట్టారని తెలిసి అత్త నన్ను రైలెక్కించింది. అక్క అక్కడికే వచ్చి మమ్మల్ని కలిసింది. కందులమ్ముకోవడానికి వచ్చిన రైతులు గోడ ముందు ఆగి, ఈ పిల్ల ఎంత బాగా పెంచిందో అని మెచ్చుకుంటున్నారు. అత్త ఒక్కో ఫొటో చూసుకుంటూ చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది. ఫొటోలు తీసిన రోజు వెనక తట్టలు సర్దుతూ తిరిగిన ఆమె, ఎక్కడైనా తానూ పడ్డానేమోనని వెతుకుతోందని నాకు అర్థమైంది. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు.

అత్త కూడా నాలాగే అక్కను చూసి ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. కానీ అత్తే వెళ్లి అక్క భుజం మీద చెయ్యేసింది.

"మంచిగ పడ్డవ్ బిడ్డా. గని నిన్ను జూస్తే నాకు జర కుళ్లయితున్నది. గా పురుగులను సాకింది నేను, మా పిల్ల. ఫొటోల మేమిద్దరం లేకపోతిమి."

అందులో తిట్టు లేదు, నిష్ఠూరం లేదు. ఆకలేస్తోందని చెప్పినట్టు చెప్పింది. పెద్దవాళ్లకూ అసూయ ఉంటుందని, దాన్ని బయటికి అనొచ్చని అంతవరకు తెలియదు.

అక్క ముఖం ఎర్రబడింది. "నాకు మీ మీదనే కుళ్లు అత్తమ్మా," అంది. "పురుగు మీదికెక్కుతదేమోనని తట్టను ఒంటికి దూరంగ పట్టుకొనే నిలవడ్డ. గీ పిల్ల వాటిని కోడిపిల్లల లెక్క పట్టుకుంటది."

తర్వాత ఫొటోల ముందు ఆగిన ఒక ముసలాయన దగ్గరికి మమ్మల్ని లాక్కుపోయి, సాకింది వీళ్లేనని చెప్పింది. అవి కరుస్తాయా అని ఆయన అడిగాడు. అత్త చెప్పడం మొదలుపెట్టింది. జనం చేరారు. ఇంకాస్తయితే తిరుగు రైలు తప్పిపోయేదే.

నా కుళ్లు ఆ పూటే పోయిందని చెప్పను. రైల్లో కూడా కొంచెం మిగిలే ఉంది. కానీ అక్క ఎదురుపడితే ముఖం తిప్పుకోవాల్సిన అవసరం పోయింది.

పెళ్లయ్యాక తోడికోడలి మీద, ఆ తర్వాత ఇంకెవరెవరి మీదో కూడా ఓర్వలేనితనం కలిగింది. ప్రతిసారీ వాళ్ల దగ్గరికే వెళ్లి, నిన్ను చూస్తే నాకు కుళ్లుగా ఉందని చెప్పేశాను. మొదట బిత్తరపోయేవారు. కాసేపటికి పీట దగ్గరికి జరుపుకుని, తమ సంగతి చెప్పుకునేవారు.