ఇంటి ముందరి పసుపు నలుపు చారలు

ఇనుప ఖనిజానికి గిరాకీ వచ్చిన రోజుల్లో బళ్లారిలో మా వీధి మగవాళ్లంతా తెల్ల చొక్కాల్లోకి మారారు. గాలి నిండా ఎర్ర దుమ్ము, ఒంటి మీద తెల్ల బట్ట. ఆ చొక్కాలు ఇస్త్రీ చేసేది మా ప్రహరీ పక్కన వేపచెట్టు నీడలో బండి పెట్టుకున్న ఒక పెద్దాయన. దగ్గర్లోని మోక అనే పల్లె నుంచి వచ్చినవాడు. మా నాయన సేద్యం చేసే కాలం నుంచీ ఆ బండి అక్కడే ఉంది. నేను మామా అని పిలిచేవాణ్ని.

పొలం అమ్మి టిప్పర్లు కొన్నాను. వాటి సంపాదన మీద కారొచ్చింది. కారు పెట్టడానికి ఇంటి ముందు ఉన్న ఒక్క చోటులో ఇస్త్రీ బండి ఉంది. కొంచెం అవతలికి జరుపు మామా అంటే సరిపోయేది. మా నాయనతో బీడీ పంచుకున్న మనిషికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

లారీల వాళ్లకు ఏ పని పడ్డా లారీ పనివాళ్లే గుర్తొస్తారు. కౌల్ బజార్‌లో మా టిప్పర్ల బంపర్లకు రంగులు వేసే పెయింటర్‌ను పిలిపించి, బండి ఉన్న చోట రోడ్డు అంచు రాళ్లకు రంగు వేయించాను. బంపర్లకు వేయగా మిగిలిన పసుపు, నలుపే వేశాడు. నేను చెప్పకుండానే కన్నడంలో నో పార్కింగ్ అని కూడా రాశాడు. అచ్చం సర్కారు వాళ్లు వేసినట్టే ఉంది. నేను మురిసిపోయాను.

మరుసటి రోజు మామ ఆ చారల ముందు నిలబడి అడిగాడు. "ఇదేందప్పా, మన గోడకాడ గూడా గీసినారే. బండి ఉంటే ఏమన్నా అంటారా?"

రోడ్డు వాళ్లు వేసుంటారు, ఎవరూ ఏమీ అనరులే అన్నాను. అంతకంటే తేలికైన అబద్ధం నేను ఎప్పుడూ ఆడలేదు.

ఆయనంతట ఆయనే జరుపుకుంటాడని ఎదురు చూశాను. జరపలేదు. కొన్నాళ్లకు నగరసభ వాళ్లు వీధిలో నో పార్కింగ్ బోర్డులు నాటుతూ వచ్చి, మా చారలు చూసి, అక్కడా ఒకటి పాతి పోయారు. నేను కిటికీలోంచి చూస్తూ అలాగే ఉండిపోయాను. నా ఇంటి పెయింటు రూలైపోయింది.

ఆ తర్వాత ఒక పొద్దున పోలీసు జీపు వచ్చింది. కానిస్టేబుల్ బోర్డు మీద లాఠీతో తట్టాడు. "సర్కారీ మార్క్ ఇదు, గాడి తెగీరి," అన్నాడు. బండి తీసేయమని. మామ ఏదో చెప్పబోయేలోపే ఇద్దరు బండిని ఎత్తి జీపు వెనక కట్టారు. ఇస్త్రీ పెట్టె కింద పడింది. నిప్పులు చారల మీద చెదిరి, పెయింటు పొంగి, వాసన వచ్చింది. పక్కనే రోడ్డు మీదికి నిలిపిన నా కారు ఉంది. దాన్ని ఎవరూ చూడనైనా లేదు.

నేను గేటులో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నేనే వేయించాను సార్, అని.

మామ నా చొక్కాల మూట తెచ్చి చేతిలో పెట్టాడు. "ఒక చొక్కా ఇస్త్రీకి మిగిలిపోయినాదప్పా, ఏమనుకోవద్దు. గవర్నమెంటు రూలుకు నువ్వేం జేస్తావులే."

ఆయన మళ్లీ ఆ వీధికి రాలేదు.

గనులు మూతపడ్డాయి. టిప్పర్లు, కారు పోయాయి. ఖాళీ రోడ్డు చూడలేక ఇనుప బ్రష్షుతో ఆ చారలు గీకేశాను. పండగ ముందు నగరసభ వాళ్లు మళ్లీ వేశారు, ఈసారి మంచి పెయింటుతో.

అప్పుడు మోక పోయాను. మామ మిరప చేలో కూలికి ఉన్నాడు. గట్టు మీద నిలబడి అంతా చెప్పాను. ఆయన కాయలు తెంపడం ఆపి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందని సిద్ధపడి వచ్చాను. ఉన్నది కోపం కాదు. దెబ్బ ఇప్పుడే తగిలినవాడి చూపు.

"నువ్వా?" అన్నాడు. తర్వాత, "జరపమంటే జరుపుతాంటి గదప్పా," అని మళ్లీ సాలులోకి వంగాడు.